విమానం పోతే పోనీయండి

జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి జిల్లాల నుంచి విమానం ఎక్కబోయేవాళ్లకు చుట్టాలు, స్నేహితులు, చేతిలోని ఫోను కలిసి చెప్పేది ఒకటే పాట. చవక టికెట్ చూడు. దగ్గరి ఎయిర్‌పోర్టు చూడు. రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉంటుంది, రాత్రే కదులు. దారిలో ఏమైనా సరే, విమానం మాత్రం వదలకు. నేను చెప్పబోయే సలహాలన్నీ వీటికి ఎదురు. విన్నవాళ్లు ‘ఇదేం తలకిందుల సలహా’ అంటారు. అననీయండి. ప్రతి సలహాకూ ఒక కారణం ఉంది. ఆ కారణం ఏ పుస్తకంలోనూ లేదు, మన రోడ్ల మీదా, మన వాగుల దగ్గరా ఉంది.

ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకు దూరం చూడకండి

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఎంత దూరమని వెతికితే ఆకాశమార్గాన దాదాపు 1,260 కిలోమీటర్లని వస్తుంది. ప్రయాణం రెండుంబావు గంటలు. దుబాయికి 2,550 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటలు. ముంబయికి 620, విశాఖకు 510. ఈ అంకెలన్నీ నిజమే. కానీ భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లో కూర్చుని ఢిల్లీ ప్రయాణం అనుకునే మనిషికి వీటితో ఒరిగేదేమీ లేదు.

ఆయన లెక్క ఇట్లా ఉంటుంది. ఇంటి నుంచి రేగొండ, పరకాల, హన్మకొండ, జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ ఎయిర్‌పోర్టు చేరడానికి సుమారు 230 కిలోమీటర్లు. మధ్యలో చాయ్‌కి ఆగి, టోల్ గేట్లు దాటుకుని పోతే అయిదున్నర గంటలు. ఎయిర్‌పోర్టులో రెండు గంటలు. గాలిలో రెండుంబావు. అక్కడ దిగి, పెట్టె తీసుకుని, ఊళ్లోకి పోవడానికి ఇంకో గంట. మొత్తం పదకొండు గంటలకు దగ్గర. అందులో విమానం వాటా అయిదో వంతు. ఆ అయిదో వంతును అంకెల దాకా కొలిచి, మిగిలిన నాలుగు వంతులను ‘చూసుకుందాంలే’ అని వదిలేస్తున్నాం.

టికెట్ మీద వేసే సమయం కూడా ఉత్త ఎగిరే సమయం కాదు. విమానం గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతలి ఊళ్లో గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా మెల్లగా పోవడం, వరుసలో నిలబడడం, దిగాక మళ్లీ నడవడం అన్నీ అందులోనే. గాలి కూడా ఒక చెయ్యి వేస్తుంది. పడమటి నుంచి వీచే పైగాలుల వల్ల దుబాయికి పోయేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువసేపు పడుతుంది. చలికాలంలో ఈ తేడా ఇంకా తెలుస్తుంది. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక. తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరి 6:15కు దిగుతుందని టికెట్ మీద చూసి, రెండుంబావు గంటల్లో చేరుతానని ఇంట్లో చెప్పిపోయేవాళ్లున్నారు. అసలు ప్రయాణం మూడుంముప్పావు గంటలు. ఆ తేడా తెలియక ఇంట్లో ఆడవాళ్లు గంటన్నరసేపు ఫోను పట్టుకుని ఎదురుచూసి కంగారుపడతారు. ముందే చెప్పిపోతే ఆ కంగారు ఉండదు.

కనుక ఇంటి గడప నుంచి అవతలి ఇంటి గడప దాకా కొలవండి. ఒక కాగితం మీద రాసుకోండి. మధ్యలో ఉన్న విమానాన్ని ఒక వరుసలో వేసి మిగతావాటి సంగతి చూడండి.

తేదీని నమ్మకండి, రాత్రిని నమ్మండి

గల్ఫ్ విమానాలు, అమెరికా పోయేవాళ్లు ఎక్కే మొదటి విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే బయల్దేరతాయి. టికెట్ మీద ‘శనివారం 00:40’ అని ఉంటుంది. మన ఇళ్లలో రోజు మారేది తెల్లారాకే. తొలికోడి కూసేదాకా అది శుక్రవారం రాత్రే. పంచాంగమూ సూర్యోదయం నుంచే వారం లెక్కపెడుతుంది. కాబట్టి మన ఇంట్లో పెద్దాయన శనివారం అని చదివి, శనివారం పగలంతా సర్దుకుని, చీకటి పడ్డాక శంషాబాద్ చేరాడంటే, ఆ విమానం దాదాపు ఒక రోజు కిందటే వెళ్లిపోయి ఉంటుంది. ఇది చదువు లేనివాళ్లకే జరుగుతుందనుకోకండి. చదువుకున్న పిల్లలు తల్లిదండ్రులకు టికెట్ వాట్సాప్ చేసి ‘శనివారం నాన్నా’ అని ఒక్క మాట రాసి ఊరుకున్నప్పుడే ఎక్కువగా జరుగుతుంది.

శనివారం 00:40 విమానమంటే, మానుకోటలో ఉన్నవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి కదలాలి. విదేశీ విమానానికి మూడు గంటల ముందుండాలి కదా, అంటే శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు ఎయిర్‌పోర్టులో. రోడ్డుకు అయిదు గంటలు తీస్తే సాయంత్రం నాలుగున్నర. ఏదో ఒకటి అడ్డం పడుతుందని రెండు గంటలు పక్కన పెడితే మధ్యాహ్నం రెండున్నర. ఇంట్లో అందరికీ చెప్పాల్సింది ‘శనివారం విమానం’ అని కాదు, ‘శుక్రవారం రెండున్నరకు ఇల్లు కదులుతున్నాం’ అని.

ఆ వేళకు వర్జ్యమో రాహుకాలమో ఉందని ఆగేవాళ్లున్నారు. నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ మన పెద్దలే దీనికి దారి పెట్టారు. మంచి ఘడియలో సంచిని పక్కింట్లో ఉంచి ప్రస్థానం పెట్టేవాళ్లు, తర్వాత వీలైనప్పుడు కదిలేవాళ్లు. మీరూ పొద్దున్నే మంచి వేళ చూసి ఒక సంచి తీసుకెళ్లి పక్కింటి గుమ్మంలో పెట్టండి. ఆపై ఏ వేళ కదిలినా మనసు కుదురుగా ఉంటుంది. విమానం మాత్రం వర్జ్యం పోయేదాకా ఆగదు. దేశంలోపలి విమానాలకు సామాను తీసుకునే కౌంటర్ బయల్దేరడానికి గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు మూతపడుతుంది. విమానం కళ్లెదురుగా నిలబడి ఉన్నా ఎక్కనివ్వరు.

దగ్గరి ఎయిర్‌పోర్టుకు పోకండి

ఫోనులో ‘దగ్గరి విమానాశ్రయం’ అని వెతికితే మన మూడు జిల్లాలకూ వరంగల్ అని చూపించేవి ఉన్నాయి. దానికి అంతర్జాతీయ కోడ్ కూడా ఉంది, డబ్ల్యూజీసీ అని. అక్కడికి పోతే మామునూరులో పాత రన్‌వే కనపడుతుంది, ఎక్కడానికి విమానం కనపడదు.

మామునూరు సంగతి మనవాళ్లంతా తెలుసుకోవాల్సినది. 1930లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టారు. స్వాతంత్ర్యానికి ముందు దేశంలోని పెద్ద విమానాశ్రయాల్లో అది ఒకటి. వరంగల్‌లోని అజంజాహీ మిల్లు, కాగజ్‌నగర్‌లోని పేపరు మిల్లు, వీటి వ్యాపారాలకు ఉపయోగపడింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వ విమానాలను అక్కడ దాచారు. ఆ తర్వాత వాడకం తగ్గి మూతపడింది, దశాబ్దాలు గడిచిపోయాయి. మళ్లీ తెరవాలనుకున్నప్పుడు అడ్డం వచ్చింది రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరమే. శంషాబాద్ విమానాశ్రయం కట్టేటప్పుడు కేంద్రం చేసుకున్న ఒప్పందంలో, గగనమార్గాన 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్లపాటు ఇంకో విమానాశ్రయానికి పోటీగా ఎదిగే వీలు ఇవ్వకూడదన్న షరతు పెట్టారు. మామునూరు నుంచి శంషాబాద్‌కు తిన్నగా గీత గీస్తే దాదాపు 145 కిలోమీటర్లు. అయిదు కిలోమీటర్ల తేడాతో ఓరుగల్లు ఆగిపోయింది. ఆ షరతు మీద శంషాబాద్ నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదని రాసిచ్చాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర విమానయాన శాఖ మామునూరుకు అనుమతి ఇచ్చింది. అంతకు ముందే 2024 నవంబరులో అదనంగా 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు విడుదల చేసింది. ఆ భూములు చుట్టుపక్కల ఊళ్ల రైతులవి. వాళ్లకు న్యాయమైన ధర అందాలి, అది అందాకే మనం విమానం గురించి సంతోషపడాలి.

మామునూరు తెరుచుకుంటే మానుకోటకూ భూపాలపల్లికీ నిజంగా మేలు. మానుకోట నుంచి గంటన్నర లోపే, భూపాలపల్లి నుంచి రెండు గంటల్లో అక్కడుంటారు. జనగామవాళ్లకు మాత్రం నా సలహా వేరు. మీరు మామునూరు తెరిచాక కూడా శంషాబాద్‌కే పొండి. జనగామ నుంచి శంషాబాద్ నూరు కిలోమీటర్ల పైచిలుకు, రెండున్నర గంటలు. మామునూరుకు పోతే దూరం తగ్గుతుంది, నిజమే. కానీ చిన్న ఎయిర్‌పోర్టులో రోజుకు నాలుగైదు విమానాలుంటే, అందులో ఒకటి రద్దయిందంటే ఇక ఆ రోజు మరో దారి లేదు. పెద్ద ఎయిర్‌పోర్టులో ఒకటి పోయినా రెండు గంటలకు ఇంకోటి ఉంటుంది. ఆగినప్పుడు ఎంతసేపు ఆగుతామన్నదే అసలు దూరం.

మానుకోటవాళ్లు ఇంకో మాట వినాలి. మీకు శంషాబాద్ కాకుండా గన్నవరం ఉంది. రైలు పట్టాల మీద మానుకోట నుంచి సికింద్రాబాద్ రెండు వందల కిలోమీటర్లు, విజయవాడ నూటయాభై లోపే. విజయవాడలో దిగితే గన్నవరం విమానాశ్రయం ఇరవై కిలోమీటర్లు. అక్కడి నుంచి ఢిల్లీ, బెంగళూరు, చెన్నై విమానాలు తిరుగుతాయి. ‘మన రాష్ట్రం దాటి పోవడమేంది’ అని అడుగుతారు. రాష్ట్రం హద్దును రైలు పట్టించుకోదు. డోర్నకల్, ఖమ్మం, మధిర దాటి మూడు గంటల్లో విజయవాడ వస్తుంది. హైదరాబాద్ ట్రాఫిక్ మొత్తం తప్పుతుంది. అన్ని ప్రయాణాలకూ ఇది కుదరదు. కానీ టికెట్ తీసే ముందు ఒక్కసారి రెండు ఊళ్లూ వెతికి చూడండి. అలవాటు లేక చాలామంది చూడనే చూడరు.

తిరుపతి పోయేవాళ్లు మాత్రం అసలు విమానమే వెతకకండి. హైదరాబాద్ నుంచి తిరుపతికి గాలిలో గంటే, కాదనను. కానీ మానుకోట స్టేషన్‌లో రాత్రి రైలెక్కి పడుకుంటే పొద్దున తిరుపతిలో లేస్తారు. విమానం కోసం అటు హైదరాబాద్ దాకా వెనక్కి పోయి, రేణిగుంటలో దిగి, మళ్లీ బండి మాట్లాడుకుని పోవడంలో ఆదా అయ్యేది ఏమీ లేదు. ఢిల్లీ సంగతి వేరు. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇరవైమూడు గంటల పైమాట, అక్కడ విమానానికి అర్థముంది.

చవక టికెట్ కొనకండి

పొద్దున ఆరు గంటల విమానం చాలాసార్లు చవకగా దొరుకుతుంది. భూపాలపల్లివాళ్లు దాన్ని కొన్నారంటే రాత్రి తొమ్మిదిన్నర పదింటికి ఇల్లు కదలాలి. ఆ రోడ్డు పరకాల దాకా బొగ్గు టిప్పర్లూ, మహదేవ్‌పూర్ వైపు నుంచి గోదావరి ఇసుక మోసుకొచ్చే లారీలతో నిండి ఉంటుంది. రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉంటుందన్న మాట అటువైపు చెల్లదు. ఎదురు లైట్లలో రోడ్డు అంచు కనపడదు, వెనక లైటు లేని ట్రాక్టరు ఒకటి ఎక్కడో ఒక చోట ఆగి ఉంటుంది.

మధ్యాహ్నం విమానానికి వెయ్యో పదిహేను వందలో ఎక్కువ పోతుంది. అది పెట్టండి. తెల్లారాక ఆరింటికి కదిలితే పదకొండున్నరకు శంషాబాద్‌లో ఉంటారు. వెలుతురులో ప్రయాణం, దారిలో మెలకువగా ఉన్న డ్రైవరు, తెరిచి ఉన్న మెకానిక్ షాపు, ఆర్టీసీ బస్సులు. ఈ నాలుగింటికీ కలిపి వెయ్యి రూపాయలు ఎక్కువేం కాదు.

డ్రైవర్ గురించి అందరూ మరచిపోయే విషయం ఒకటుంది. మన లెక్క ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఆగిపోతుంది. డ్రైవర్ లెక్క అక్కడ సగమే. పగలంతా కిరాయి కొట్టి, రాత్రంతా మనల్ని తీసుకొచ్చి, మనం లోపలికి పోయాక ఆ మనిషి మళ్లీ రెండొందల ముప్పై కిలోమీటర్లు వెనక్కి పోవాలి. బండిలో మనల్ని సాగనంపడానికి వచ్చిన అమ్మ, తమ్ముడు, చంటిపిల్లతో వచ్చిన వదిన ఉంటారు. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య మనిషికి కునుకు పట్టే వేళ. ఆ వేళకు వాళ్లు ఔటర్ మీదనో ఆలేరు దగ్గరనో ఉంటారు. రోడ్డు పక్కన లైటు వేయకుండా ఆపిన లారీలు అక్కడే ఉంటాయి.

అందుకే కిరాయి మాట్లాడేటప్పుడే డ్రైవర్ నిద్రకు కూడా డబ్బు మాట్లాడండి. ‘అన్నా, మమ్మల్ని దింపినంక నాలుగు గంటలు పడుకుని తెల్లారాక బయల్దేరు, దానికి ఇంత’ అని ముందే చెప్పి చేతిలో పెట్టండి. ‘వెయిటింగ్ ఛార్జి దండగ’ అని బంధువులు గొణుగుతారు. గొణగనీయండి. ఆ బండిలో వెనక్కి పోయేది మీ అమ్మే.

ఇంకా మంచిది, సాగనంపడం ఇంటి వాకిట్లోనే ముగించడం. తూఫాన్ బండి నిండా పదిమంది ఎక్కి శంషాబాద్ దాకా పోయినా, టికెట్ లేనివాళ్లను లోపలికి పోనివ్వరు. బయట ట్రాలీల మధ్య నిలబడి ఏడ్చి, పోలీసు ‘జరగండి జరగండి’ అంటుంటే విడిపోవడం ఏం సాగనంపడం? బొట్టు పెట్టి, ఎదురు వచ్చి, కడుపునిండా తినిపించి, ఇంటి ముందరే పంపండి. కొడుకు గల్ఫ్‌కు పోయినా, బిడ్డ అమెరికాకు పోయినా, వాళ్లకు జ్ఞాపకం ఉండేది ఆ వాకిలే.

రైలు ఉన్నవాళ్లు కారెక్కకండి

జనగామకూ మానుకోటకూ రైలు స్టేషన్లున్నాయి. గోల్కొండ, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లు రెండు ఊళ్లలోనూ ఆగుతాయి. 2025 జనవరిలో మొదలైన చర్లపల్లి టెర్మినల్ ఈ లైన్ మీదే ఉంది, అక్కడ ఆగే బండి దొరికితే దిగి ఔటర్ పట్టుకుంటే ఉప్పల్ వైపు ఇరుకు తప్పుతుంది. వరంగల్ హైవే మీద ఉప్పల్, నారపల్లి మధ్య పైవంతెన పని ఏళ్ల తరబడి సాగింది, ఆ ముక్క దాటడానికి పట్టే సమయం ఏ ఫోనూ సరిగ్గా చెప్పలేకపోయింది. సికింద్రాబాద్ దాకా పోయినవాళ్లకు ఆర్టీసీ పుష్పక్ బస్సులు నేరుగా ఎయిర్‌పోర్టుకు తిరుగుతాయి. సామాను తక్కువుంటే అంతకు మించిన దారి లేదు.

కారులోనే పోవాల్సిన మానుకోటవాళ్లు వరంగల్ మీదుగా కాకుండా తొర్రూరు, వలిగొండ మీదుగా పోయి గౌరెల్లి దగ్గర ఔటర్ ఎక్కే దారి చూడండి. అది ఇప్పుడు 930పీ జాతీయ రహదారి. పనులు సాగుతున్న చోట్ల మట్టి మళ్లింపులు ఉంటాయి కాబట్టి, అటు నుంచి ఆ వారంలోనే వచ్చినవాళ్లను అడిగి కదలండి.

భూపాలపల్లికి రైలు లేదు. బొగ్గు ఉంది, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, ప్రయాణికుల రైలు లేదు. అక్కడి నుంచి వచ్చేవాళ్లు ముందు రోజే హన్మకొండ చేరి చుట్టాలింట్లో పడుకోండి. ‘ఒక రోజు వృథా’ అంటారు. వృథా కాదు, ప్రయాణాన్ని రెండు పగళ్లుగా విరిచినట్టు. మేడారం జాతర వారంలో అయితే ఒకరోజు కాదు, రెండు రోజుల ముందే కదలండి. 2026లో జాతర జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. రెండేళ్లకోసారి ఆ వారం హైదరాబాద్, వరంగల్ దారంతా అమ్మవార్ల దగ్గరికి పోయే బండ్లదే. దసరాకు, సంక్రాంతికి ముందు రోజుల్లో కొమళ్ల, గూడూరు టోల్ గేట్ల దగ్గర కూడా అంతే.

వాగు పొంగితే విమానం వదిలేయండి

ఇంతవరకూ చెప్పినవి వినకపోయినా నష్టం డబ్బో నిద్రో. ఇక్కడ చెప్పేది మాత్రం వినండి.

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1 తెల్లవారుజామున మానుకోట జిల్లా మీద కుండపోతగా వాన పడింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. బండ్లు ఎక్కడివక్కడ ఆగాయి, లైను తిరిగి పని చేయడానికి రోజులు పట్టింది. అదే తెల్లవారుజామున వరంగల్, ఖమ్మం రహదారి మీద, మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు వంతెన మీదుగా పొంగింది. ఆ వేళ ఒక కారు శంషాబాద్ వైపు పోతోంది. అందులో ఒక తండ్రి, ఆయన కూతురు. ఆ అమ్మాయి తండా నుంచి చదువుకుని పైకొచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త, రాయ్‌పూర్‌లో ఉద్యోగం, తిరిగి డ్యూటీకి విమానం అందుకోవాలి. ఇద్దరూ ఆ వాగులో పోయారు.

వాళ్లను ఒక్క మాట అనడానికి మనకు హక్కు లేదు. చీకట్లో, వానలో, జాతీయ రహదారి మీద వంతెన ఉంటుందనే ఎవరైనా అనుకుంటారు. టికెట్ కొన్నాం, సెలవు అయిపోయింది, పొద్దున అక్కడుండాలి అన్న తొందర మనందరికీ తెలిసినదే. తప్పు ఆ తొందరను మనందరం కలిసి ఒక నియమంగా చేయడంలో ఉంది. ‘ఎట్లాగైనా అందుకో’ అన్న మాట మనం ఎంత అలవాటుగా అంటున్నామో ఆలోచించండి.

అంతకు ముందు ఏడాది, 2023 జూలై 27న భూపాలపల్లి, పరకాల దారిలో మోరంచపల్లి మొత్తం మోరంచ వాగులో మునిగింది. జనం ఇళ్ల కప్పులెక్కారు, సహాయక బృందాలు వచ్చి దించాయి. భూపాలపల్లి నుంచి శంషాబాద్ పోవాలంటే దాటాల్సిన దారి అదే.

కాబట్టి వానాకాలంలో నా సలహాలు ఇవి. జూన్ నుంచి అక్టోబరు దాకా విమానానికి ముందు రోజే వాగులన్నీ దాటేయండి. మానుకోటవాళ్లు ఆకేరు అవతల, భూపాలపల్లివాళ్లు మోరంచ అవతల నిద్రపోండి. కదిలే ముందు ఫోను మ్యాపును కాదు, ఆర్టీసీ డిపోను అడగండి. ఏ వాగు పారుతోందో, ఏ లో లెవల్ వంతెన మునిగిందో రోజూ ఆ దారిన తిరిగే డ్రైవర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. బస్సు ఆగిందంటే మీ కారూ ఆగాలి. బస్సు మీ కారు కంటే బరువైనది, ఎత్తైనది. అది పోలేని నీళ్లలో మీరు పోలేరు. రోడ్డు మూసుంటే మ్యాపు పక్క ఊళ్ల గుండా దారి చూపిస్తుంది, ఆ దారిలోనే చిన్న కల్వర్టులు ఉంటాయి. చీకటిగా ఉండి రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, లోతెంతో చూద్దామని ఒక్క అడుగూ వేయకండి. వెనక్కి తిప్పి దగ్గరి ఊళ్లో పోలీసు స్టేషన్ ముందరో పెట్రోల్ బంకులోనో ఆగండి.

విమానం పోతే ఏమవుతుంది? టికెట్ డబ్బులు చాలావరకు పోతాయి. అయినా మొత్తం పోవు. ఎక్కలేకపోయినవాళ్లకు ఎయిర్‌పోర్టు రుసుములు, పన్నులు తిరిగి ఇవ్వాలన్న నియమం ఉంది, అడిగి తీసుకోండి. విమానం బయల్దేరడానికి కొన్ని గంటల ముందే సంస్థకు ఫోను చేస్తే చాలాసార్లు తేదీ మార్చుకోవచ్చు, అందుకే వాగు దగ్గర ఆగిన వెంటనే మొదట ఆ ఫోను చేయండి. ఉద్యోగం ఇచ్చిన ఆఫీసుకు వాగు ఫోటో తీసి పంపండి. వీసా గడువు దగ్గర పడ్డవాళ్లు టికెట్‌ను ఆఖరి రోజుకు తీయకుండా ముందు వారానికి తీయండి. ఇంట్లోవాళ్లు ఫోను చేసి ‘ఎక్కడిదాకా వచ్చారు, ఇంకా దాటలేదా’ అని అడగకండి. ‘ఆగారా? మంచి పని చేశారు’ అనండి. ఆ ఒక్క మాట స్టీరింగ్ మీదున్న చెయ్యిని కుదురుగా ఉంచుతుంది.

అధికారులకు కూడా ఒక మాట. ఈ వంతెనల దగ్గర నీళ్లెక్కినప్పుడు రెండు వైపులా కిలోమీటరు ముందే అడ్డంగా బారికేడ్, దాని మీద రాత్రి వెలిగే లైటు, ఒక మనిషి ఉండాలి. వాగు ఒడ్డున పెట్టిన బోర్డు హెడ్‌లైట్ వెలుగులో కనపడేసరికి బండి నీళ్లలో ఉంటుంది.

ఇక జనగామ, మానుకోట, భూపాలపల్లి బస్టాండ్ల పక్కన నెట్ సెంటర్లు పెట్టుకుని టికెట్లు తీసిచ్చే తమ్ముళ్లకు నా మనవి. టికెట్ ప్రింట్ తీసిచ్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. విమానం గంట కింద పెన్నుతో ఇంకో గంట రాసివ్వండి: ఇల్లు కదలాల్సిన వారం, తేదీ, సమయం. దాని కింద ఆ ఊరి ఆర్టీసీ డిపో ఫోన్ నంబరు. వానాకాలమైతే ‘వాగు పారుతుంటే ఆగండి’ అని ఒక ముక్క. టికెట్ చదవడం రాని అమ్మకు అది చదివి వినిపించండి.